దిండు గలీబులు ఆరే మేడ

పొద్దున షట్టరు ఎత్తడం మామగారి పని, డ్రమ్ముల్లో నీళ్ళు పట్టడం కోడలి పని, జేబులు వెతకడం అత్తగారి పని. ఆ లాండ్రీలో ఏళ్ళ తరబడి ఇదే వరస. అత్తగారు స్టూలు మీద కూచుని, ప్యాంట్లూ చొక్కాలూ ఒళ్ళో వేసుకుని, ఒక్కో జేబులో వేలు పెట్టి మూలమూలా తిప్పుతుంది. బస్సు టికెట్లు, బిస్కెట్ల పొడి, విరిగిన పెన్సిళ్ళు. ఒకసారి బతికున్న బల్లిపిల్ల. "ఇదిగో అమ్మాయ్, దీన్ని ఉతకాలో ఇస్త్రీ చేయాలో ఆ చొక్కా ఆయన్ని అడుగు" అని కోడలి చేతిలో పెట్టింది. కోడలు పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడింది.

అత్తగారిని వీధిలో అందరూ మరకలావిడ అంటారు. వెటకారానికి కాదు, గౌరవంగానే. ఆవిడ చేతిలో పడ్డాక నిలిచిన మరక లేదు. సిరా అయితే ఒక మందు, నూనె అయితే ఒక మందు, తుప్పు అయితే ఇంకోటి. రక్తం మరకంటే అసలు లెక్కే లేదు. చల్లనీళ్ళు, ఉప్పు, కాసేపు నానబెట్టడం, అంతే. "రక్తానికి వేణ్ణీళ్ళు తగిలించారో, ఇక ఆ గుడ్డ దాన్ని జన్మలో వదలదు" అని వచ్చినవాళ్ళందరికీ క్లాసు పీకేది.

ఉతికినవన్నీ మేడ మీదికి పోతాయి. దుప్పటి ఆరేయాలంటే రెండు చేతులూ దుప్పటికే కావాలి కదా, అందుకని ఆవిడ క్లిప్పుల్ని ముందు పళ్ళతో కరిచి పట్టుకునేది. ఒక్కోటి లాగి తాడుకి తగిలిస్తూ, మిగిలిన క్లిప్పుల సందులోంచే కోడలికి పనులు పురమాయించేది. బయటివాళ్ళకి అది ఉత్త మూలుగులా వినపడుతుంది. కోడలికి మాత్రం "ఆ బకెట్టు ఇటు జరుపు, మీ మామయ్యకి టీ ఇచ్చావా, ఆ తెల్లచొక్కాకి గంజి ఎక్కువైంది" అని అక్షరం పొల్లుపోకుండా అర్థమైపోయేది. అత్తా కోడళ్ళు అంత కలిసిపోయి పనిచేసేవాళ్ళు మరి.

దుప్పట్లతో ఏ గొడవా లేదు. గొడవంతా దిండు గలీబులతోనే. మనిషి నిద్రలో మాట్లాడిన మాట గలీబులోకి ఇంకిపోతుంది. తడిగా ఉన్నంతసేపూ అది నోరెత్తదు. ఆరడం మొదలయ్యిందంటే మాత్రం మెల్లమెల్లగా అన్నీ బయటపెడుతుంది. అందుకే గలీబుల్ని మధ్య తాడు మీద వేసి, చుట్టూ దుప్పట్లు కట్టేవాళ్ళు, వీధిలోకి వినపడకుండా. లెక్కల మాస్టారి గలీబు రోజూ ఎక్కాలు చదివేది, అందులోనూ తప్పులే. బస్సు కండక్టరు గలీబు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని పక్క గలీబుల్ని తెగ విసిగించేది. కొత్తగా పెళ్ళయిన జంట గలీబులు వచ్చిన రోజు కోడలు ఎర్రబడిపోయి, ఏదో ఒక పాట గట్టిగా పాడుకుంటూ కిందికి వచ్చేసేది.

ఆ లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. గలీబులు ఆరేటప్పుడు వాటి కింద నిలబడకూడదు. పొరపాటున ఏదైనా చెవిన పడినా, ఆ మాట మెట్లు దిగకూడదు. మరకలావిడ అత్తగారి కాలం నించీ వస్తున్న పద్ధతి అది. "జనం మనల్ని నమ్మి ఇస్తున్నది గుడ్డలొక్కటే కాదే" అని కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లోనే కూచోబెట్టి చెప్పింది.

అలాంటి మరకలావిడ తన గలీబుని మాత్రం ఆ తాడు మీద వేయడం మానేసింది. నీళ్ళ ట్యాంకు వెనకాల, ఎవరూ వెళ్ళని సందులో, పైపుకి కట్టి ఆరేసేది. ఎందుకూ అంటే, చిగుళ్ళ వల్ల.

మొదట్లో బ్రష్ చేసుకుని ఉమ్మితే కాస్త ఎరుపు కనిపించింది. ఆ తరవాత పొద్దున లేచేసరికి గలీబు మీద రూపాయి బిళ్ళంత మరక. ఇంకెవరైనా అయితే కంగారుపడేవాళ్ళు. ఈవిడ పడలేదు. ఎందుకు పడుతుంది చెప్పండి? రక్తం మరక తీయడం ఆవిడకి ఎడమచేతి పని. చల్లనీళ్ళు, ఉప్పు, గలీబు మల్లెపువ్వు. నోటికీ అదే వైద్యం. చల్లనీళ్ళలో ఉప్పేసి పుక్కిలిస్తే ఉమ్ము తెల్లబడేది. తెల్లబడింది కదా, పోయిందనుకునేది. మరక ఎక్కణ్ణించి వస్తోందో చూడకుండా మరక ఒక్కటీ తీసుకుంటూ పోయింది. అంత బాగా తీసింది కాబట్టే ఇంట్లో ఎవరికీ తెలియలేదు కూడా.

ఇంకో పొరపాటు కూడా చేసింది. పాతబడి పలచబడిన గుడ్డని రుద్దకూడదు, చిరుగుతుంది. ఇది ఆవిడ ఒంట్లో జీర్ణించుకుపోయిన సంగతి. చిగురు కూడా పలచటి గుడ్డే కదా అనుకుంది. రక్తం వచ్చే చోట బ్రష్ ఆనించడమే మానేసింది. ముందు కింది పళ్ళ దగ్గర మానేసింది, తరవాత వెనక దవడ పళ్ళ దగ్గర. అక్కడేదైనా ఇరుక్కుంటే జడపిన్నుతో తీసేది. అలా కొన్నాళ్ళకి నోట్లో సగం జాగాకి బ్రష్ వెళ్ళడమే లేదు. పాచి పేరుకుంది, పాచి గట్టిపడి గారయ్యింది, చిగుళ్ళు ఉబ్బి నేరేడుపండు రంగుకి తిరిగాయి. నోరు వాసన మొదలైంది. ఆవిడే గోడవైపుకి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ఆయన "ఏమైంది, ఇటు తిరగవేం?" అని అడిగితే, "గాలి రావట్లేదు" అంది. గోడలోంచి గాలి ఎలా వస్తుందో ఆయన అడగలేదు. ఆయన ఎక్కువ అడిగే మనిషి కాదు.

ఇక ఒక రోజు మేడ మీద దుప్పటి ఆరేస్తుంటే, కరిచి పట్టుకున్న క్లిప్పు గట్టిగా లాగగానే కింది ముందు పన్ను కూడా దానితోపాటు ముందుకొచ్చింది. ఊడలేదు. తలుపు కీలులాగా ఇలా వచ్చి, అలా వెనక్కి వెళ్ళింది. మరకలావిడ క్లిప్పులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ట్యాంకు వెనక్కి వెళ్ళి కూచుంది.

ఆ భయం వెనక పెద్ద కథే ఉంది. వాళ్ళమ్మ పళ్ళన్నీ ఇలాగే ఊడిపోయాయి. వాళ్ళక్క పళ్ళు కూడా కదిలితే అన్నీ పీకించేసుకుని సెట్టు కట్టించుకుంది. ఆ సెట్టు మాట్లాడుతుంటే టకటకమంటుంది, తుమ్మితే జారుతుంది. అక్క దాన్ని టీకప్పులో పెట్టి నిద్రపోతే, ఒకసారి చూసుకోకుండా మరకలావిడే అందులో టీ పోసేసింది. అప్పట్లో అందరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది, పీకించెయ్ అంటారు. మా వంశంలో ఆడవాళ్ళకి అంతే రాసిపెట్టుంది అనుకుని, క్లిప్పుల్ని పెదాలతో పట్టుకోవడం నేర్చుకుంది.

ఉన్నట్టుండి ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. చినుకులు పడుతుంటే కోడలు పరుగెత్తుకుంటూ మేడెక్కి, దుప్పట్లు, చొక్కాలు, గలీబులు అన్నీ భుజానేసుకుని లాగేసింది. ట్యాంకు వెనకాల ఏదో తెల్లగా ఊగుతుంటే, అదీ లాక్కొచ్చి మెట్ల గదిలోకి దూరింది. అది సగం ఆరిన గలీబు. కోడలి చేతిలోనే నోరు విప్పింది.

"కదులుతోంది... కింది పన్ను కదులుతోంది... ఎవరికీ చెప్పకండి... అమ్మలాగే అవుతుంది... ఆయన మొహం మీద ఊపిరి తగలకుండా పడుకోవాలి..."

అది ఎవరి గొంతో కోడలికి తెలియకపోవడమేంటి? బట్టలన్నీ అక్కడే పడేసి కిందికొచ్చింది. అత్తగారు జేబులు వెతుకుతోంది.

"అత్తయ్యా, ఒకసారి నోరు తెరవండి."

"ఎందుకే? నేనేమైనా గుర్రాన్నా, పళ్ళు చూసి కొనుక్కుంటావా?"

"తెరవండి చెప్తాను."

మరకలావిడకి అర్థమైపోయింది. మొహం ఎర్రగా చేసుకుని, "తాడు మీది మాట మెట్లు దింపుతావా? ఇదేనా నేను నేర్పింది?" అంది.

"తాడు మీద వినలేదు అత్తయ్యా. చేతిలో విన్నాను. చేతిలో విన్నదానికి మీరు ఏ కట్టుబాటూ చెప్పలేదు."

ఇస్త్రీ బల్ల దగ్గర మామగారు పెట్టె పక్కకి దించాడు. "ఏంటి సంగతి?" అన్నాడు. మరకలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన భార్య మొహంలోకి ఒకసారి చూసి, చొక్కా తొడుక్కుని, షట్టరు సగానికి దించి, "పద" అన్నాడు. అంతే. ఎక్కడికని ఆవిడా అడగలేదు.

ముగ్గురూ వెళ్ళింది వీధి మలుపులో కొత్తగా పెట్టిన పళ్ళ ఆసుపత్రికి. డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై ఉంటాయో ఉండవో. కింద ఆసుపత్రి, పైన ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. బెంచీ మీద పేషెంట్లు ఎవరూ లేరు, ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. మరకలావిణ్ణి కుర్చీలో వాల్చి, లైటు వేసి, సన్నటి కడ్డీ ఒకటి చిగురుకీ పంటికీ మధ్య దింపి చూసింది. ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూస్తూ నాలుగు, ఆరు, ఏడు అని గొణుక్కుంది.

"షుగర్ ఉందా అమ్మా?"

"ఉంది."

"అదుపులో ఉందా?"

"ఉండాలి" అంది మరకలావిడ. పక్కనించి కోడలు "లేదు డాక్టరుగారూ, మాత్రలు ఒక రోజు వేసుకుంటారు, ఇంకో రోజు మర్చిపోతారు" అని మొత్తం చెప్పేసింది.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూచుంది. "మీది లాండ్రీ కదా. చొక్కాకి మురికి ఎక్కడ ఎక్కువ పడుతుంది?"

"ఎక్కడేంటి, కాలరు మడతలో."

"పంటికి చిగురు కాలరు లాంటిదే. రోజూ పాచి వచ్చి చేరేది ఆ మడతలోనే. తీయకపోతే గట్టిపడి గారవుతుంది. గార కిందికి దిగేకొద్దీ చిగురు పంటిని వదిలేస్తుంది, మధ్యలో జేబు పడుతుంది. మీరు జేబులు వెతక్కుండా ఉతుకుతారా?"

"ఎలా ఉతుకుతానమ్మా? లోపలేముందో ఏమో!"

"మీ నోట్లో చాలా జేబులు పడ్డాయి. లోపల మురికి ఉంది, దాని కింద ఎముక కరుగుతోంది. పన్ను కదిలేది అందుకే. రక్తం వస్తోందని బ్రష్ మానేశారు కదూ? రక్తం వచ్చేది మురికి వల్ల. అక్కడే మెత్తటి బ్రష్‌తో, మెల్లగా, చిగురు అంచు మీదికి ఏటవాలుగా తోమాలి. చిరిగిపోదు. చిగురు గుడ్డ కాదమ్మా, ప్రాణం ఉన్నది. మురికి తీస్తే అదే మానుతుంది."

మరకలావిడ నాలుకతో కింది చిగురు తడిమి చూసుకుంది. ఇన్నేళ్ళ పనితనమూ తననే ఇలా దెబ్బకొట్టిందా అనుకుంది.

"మరి మా వంశంలో అందరికీ ఊడాయి కదా?"

"కొన్ని వంశాల్లో తొందరగా వస్తుంది, నిజమే. కానీ వచ్చినా ఆపొచ్చు. మత్తు సూది ఇచ్చి, జేబుల లోపల వేరు దాకా శుభ్రం చేస్తాను. ముందు ఒకవైపు, కొన్ని రోజులాగి రెండోవైపు. షుగర్ మీరు అదుపులో పెట్టాలి, అది పెరిగితే చిగుళ్ళు మానవు. చిగుళ్ళు ఇలా ఉంటే షుగర్ దిగదు. రెండూ తోడుదొంగలు." తరవాత మామగారి వైపు తిరిగింది. "మీరు సిగరెట్ కాలుస్తారు కదా? తరవాత మీరూ కూచోండి ఆ కుర్చీలో. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళు పాడైనా రక్తం సరిగ్గా రాదు, అందుకే కనిపెట్టలేరు." మామగారు జేబులో ఉన్న పెట్టెని అరచేత్తో కప్పుకున్నాడు.

మొదటి వైపు శుభ్రం చేసే ముందు డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. వాపు దిగాక పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లటివి జివ్వుమంటాయి, ముందు కాస్త ఎక్కువ కదిలినట్టు కూడా అనిపించొచ్చు, భయపడి మానేయకండి అని. మరకలావిడ తలూపింది గానీ, ఆ సమయంలో ఆవిడ కళ్ళన్నీ సూది మీదే ఉన్నాయి.

మత్తు వదిలాక చూసుకుంటే అన్నీ డాక్టరమ్మ చెప్పినట్టే. నాలుక పెడితే ఎప్పుడూ లేని సందులు. నీళ్ళు తాగితే జివ్వు. కింది పళ్ళు ఇదివరకటికంటే ఎక్కువ ఊగుతున్నాయి. మర్నాడు పలకరించడానికొచ్చిన అక్క చూసి, సెట్టు టకటకలాడించుకుంటూ చెడామడా తిట్టింది.

"చెప్పానా? శుభ్రం చేయిస్తే పళ్ళు ఊడతాయని లోకమంతా మొత్తుకుంటుంటే నీకొక్కదానికే వినపడలేదా? ఆ గారే కదే పళ్ళని పట్టుకుని నిలబెట్టింది! ఉన్న సిమెంటు కాస్తా గీకిపారేసింది ఆ పిల్ల."

"పెద్దత్తయ్యా, డాక్టరుగారు ముందే చెప్పారు, కదిలినట్టు ఉంటుందని" అంది కోడలు.

"అమ్ముకునేవాళ్ళు అన్నీ ముందే చెప్తారమ్మా, రేపు మనం వెళ్ళి అడక్కుండా. నువ్వు ఊరుకో. చెల్లీ, నా సెట్టు కట్టినాయన దగ్గరికి పోదాం రేపు. అన్నీ పీకేస్తాడు, పీడా పోతుంది. రోజూ తోముకునే పని కూడా ఉండదు."

మరకలావిడ సరే అంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఎప్పటికైనా జరిగేదే కదా, ఆ జరిగేదేదో రేపే జరిగిపోనీ అనుకుంది. మామగారు "రెండోవైపు కూడా అయ్యాక చూద్దాం" అని మెల్లగా అన్నాడు. "మీ నోట్లో కదుల్తున్నాయా?" అని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఎత్తుకున్నాడు.

ఆ రోజే డాక్టరమ్మ బట్టల మూట వచ్చింది. తెల్లకోట్లు, తువ్వాళ్ళు, ఒక దుప్పటి, నీలం అంచు గలీబు ఒకటి. కోడలు ఉతికేసి మేడ మీద ఆరేసి, డెలివరీకి వెళ్ళిపోయింది. మరకలావిడ దేనికో మేడెక్కి, మధ్య తాడు మీద వరసగా ఉన్న గలీబుల్లో ఆ నీలం అంచు గలీబుని చూసింది. ఇంకా తడారలేదు.

వెనక్కి తిరిగింది. రెండు మెట్లు దిగింది. ఆగింది.

పగలు కుర్చీ పక్కన కూచుని చెప్పే మాట వేరు. అది నిజమో వ్యాపారమో ఎవరికి తెలుసు? నిద్రలో మాత్రం మనిషి ఎవరికోసం అబద్ధమాడుతుంది? తన జన్మలో ఎన్నడూ చేయని పని చేసింది మరకలావిడ. దుప్పట్లు పక్కకి తప్పించుకుని లోపలికెళ్ళి, ఆ గలీబు కింద పీట వేసుకుని కూచుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. లెక్కల మాస్టారి గలీబు తొమ్మిదో ఎక్కం అప్పచెప్తూ, ఈవిణ్ణి చూసి ఆగిపోయినట్టే అనిపించింది.

ఎండ మీదికొచ్చింది. నీలం అంచు గలీబు కొస కాస్త ఎగిరింది.

"ఉమ్మండి" అంది. కాసేపటికి "పెద్దగా తెరవండి... ఇటు తిరగండి... ఉమ్మండి" అంది. మరకలావిడకి ఆ సమయంలోనూ నవ్వొచ్చింది. పాపం, ఈ పిల్లకి నిద్రలో కూడా డ్యూటీయే.

తరవాత గొంతు మారింది. చిన్నపిల్ల గొంతయిపోయింది.

"ఆ మరకలావిడ... మధ్య పన్ను ఒక్కటే పోతుంది... మిగతావి నిలుస్తాయి అమ్మా, నిజంగా నిలుస్తాయి... వాపు దిగితే పట్టు వస్తుంది... రెండోసారి రావాలి కదా... రాదు. ఎవరూ రారు. కాస్త కదలగానే మానేస్తారు, నేనే ఊడగొట్టానంటారు... ఇక మూసేసి వచ్చేస్తానమ్మా..."

ఆ తరవాత మాటలు లేవు. వెక్కిళ్ళు. గలీబు వెక్కుతుంటే తాడంతా సన్నగా అదిరింది.

మరకలావిడ తనకోసం వినడానికి వచ్చింది. విన్నది ఇంకొకరి ఏడుపు. లేచి, చెయ్యి తుడుచుకుని, బిడ్డ వీపు నిమిరినట్టు ఆ గలీబుని ఒకసారి నిమిరి, కిందికి దిగింది.

మర్నాడు అక్క రిక్షా మాట్లాడుకుని వచ్చి షట్టరు ముందు నిలబడింది.

"ఎక్కవే."

"నేను రాను అక్కా."

"భయమా? చీమ కుట్టినట్టుంటుంది."

"భయం కాదు. పళ్ళు ఉంటాయి."

"ఎవరు చెప్పారు?"

మరకలావిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మెట్లు దిగకూడని మాట అది. "నాకు తెలిసింది" అంది.

"కల వచ్చిందా?"

"నాకు కాదు."

అక్కకి ఏమీ అర్థం కాక, "నీకు పళ్ళతోపాటు బుర్ర కూడా కదిలింది" అని టకటకా అనేసి వెళ్ళిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర మామగారు తల ఎత్తకుండానే చిన్నగా నవ్వుకున్నాడు.

రెండోవైపు శుభ్రానికి వెళ్ళిన రోజు డాక్టరమ్మ తలుపు దగ్గర ఈవిణ్ణి చూసి, చేతిలో ఉన్న గ్లోవ్సు కింద పడేసింది. "మీరొచ్చారా!" అంది, ఇంటికి చుట్టాలొచ్చినట్టు. మధ్య పన్ను ఒక్కటీ నిలవదని చెప్పి ఆ రోజే తీసేసింది. మిగతా పళ్ళ వేర్ల దాకా శుభ్రం చేసింది. ఇక క్లిప్పులు నోట్లో పెట్టకూడదంది. మెత్తటి బ్రష్ ఎలా వాల్చాలో ఒక ప్లాస్టిక్ దవడ మీద చూపించింది. పళ్ళ సందుల్లో దూర్చే బుల్లి బ్రష్‌లు ఇచ్చింది. "బాగైపోయింది కదా అని రాకుండా ఉండకండి, మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. ఇది మళ్ళీ మళ్ళీ తొంగిచూసే జబ్బు" అంది.

మొదట్లో బుల్లి బ్రష్ తీస్తే ఎర్రగా వచ్చేది. మరకలావిడ పంటి బిగువున... ఆ, అప్పుడు బిగువు కూడా తక్కువేలెండి, మనసు బిగించుకుని, రోజూ ఆ ఎర్రగా వచ్చే చోటుకే మళ్ళీ మెల్లగా వెళ్ళేది. షుగర్ మాత్రలు ఇస్త్రీ బల్ల మీదే పెట్టి, మామగారు చేతికిచ్చి మింగేదాకా కదిలేవాడు కాదు. ఆయనా కుర్చీలో కూచుని వచ్చాడు. సిగరెట్లు ఒక్కసారిగా మానలేదు గానీ, తగ్గించి తగ్గించి చివరికి మానేశాడు. రోజులు గడిచేకొద్దీ బ్రష్ మీద ఎరుపు గులాబీ రంగయింది, గులాబీ రంగు పోయి తెలుపయింది. నేరేడుపండు రంగు చిగుళ్ళు వాపు తగ్గి, పళ్ళకి అతుక్కున్నాయి. సందులైతే అలాగే ఉండిపోయాయి. పోయిన ఎముక తిరిగి రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ పళ్ళు నిలబడ్డాయి. గోడవైపు గాలి రావట్లేదని ఆవిడ ఇటువైపుకి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఇంతటితో ఊరుకునే మనిషైతే మరకలావిడ ఎందుకవుతుంది?

ఎవరు బట్టలివ్వడానికొచ్చినా, మూట అందుకుంటూ "పొద్దున ఉమ్మితే ఎర్రగా వస్తోందా?" అని అడగడం మొదలుపెట్టింది. కొందరి గలీబులు ఏం చెప్తున్నాయో ఆవిడ చెవిన పడే ఉంటుంది, అది వేరే సంగతి. కానీ అందర్నీ అడిగేది, ఒక్కర్నీ వదలకుండా. అందర్నీ అడిగితే ఎవరి గుట్టూ బయటపడదు కదా. లెక్కల మాస్టారు "ఇది లాండ్రీయా, ఆసుపత్రా?" అన్నాడు. "ముందు జవాబు చెప్పండి మాస్టారూ, తరవాత మార్కులేద్దురుగాని" అంది. మాస్టారు మర్నాడు డాక్టరమ్మ బెంచీ మీద కూచున్నాడు. బస్సు కండక్టరు వెళ్ళాడు, రక్తం రాకపోయినా, పొగ తాగుతాడు కాబట్టి. చివరికి అక్క కూడా వెళ్ళింది. తనకోసం కాదు, కూతురి కోసం. ఆ పిల్ల కడుపుతో ఉంది, బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. "కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు ఇలా ఉబ్బడం మామూలే గానీ, వదిలేయకూడదు పెద్దమ్మా" అని డాక్టరమ్మ శుభ్రం చేసి పంపింది. అక్క బయటికొచ్చి, "పిల్ల మంచిదేనే" అంది, తనేదో కొత్తగా కనిపెట్టినట్టు.

శుభ్రం చేయించుకున్న ప్రతివాళ్ళూ మొదటివారం హడలిపోయి లాండ్రీకి పరుగెత్తుకొచ్చేవాళ్ళు, "ఊగుతున్నాయండీ!" అని. మరకలావిడ పెదవి కిందికి లాగి, తన పళ్ళ వరస చూపించి, వేలితో ఒక్కోటీ నొక్కి చూపించేది. "నావీ ఊగాయి. ఇప్పుడు లాగు చూద్దాం. ఊఁ, లాగు." ఎవరూ లాగలేదు గానీ, రెండోసారి మానకుండా వెళ్ళారు.

ఒక రోజు చూపించుకోవడానికి వెళ్తే బెంచీ మీద జాగా లేదు. డాక్టరమ్మ కడ్డీ దింపి చూసి, "రెండు, మూడు, రెండు" అని పాటలా అంటూ, "అమ్మా, ఒకటడగనా? అప్పట్లో వచ్చినవాళ్ళందరూ సగంలోనే మానేసి వెళ్ళారు. ఆ రోజు మీరెందుకు తిరిగొచ్చారు?" అంది.

మరకలావిడ నోట్లో ఉమ్మి లాగే గొట్టం ఉంది. తీసేదాకా ఆగి, "మీ మాట మీద నమ్మకం కుదిరిందమ్మా" అంది. అబద్ధం కాదు కదా. డాక్టరమ్మ తల పక్కకి తిప్పుకుని, లైటు సరిచేస్తున్నట్టు చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ వారం డాక్టరమ్మ మూట ఆరేసింది కోడలే. మరకలావిడ కొత్తగా కుట్టించుకున్న సంచి నడుముకి కట్టుకుని, అందులోంచి క్లిప్పులు తీస్తూ, గలీబులకి దూరంగా, తాడు ఆ చివర చొక్కాలు వేస్తోంది. ఎండ బాగా కాస్తోంది. కండక్టరు గలీబు జనాన్ని ముందుకి జరుపుతోంది. మాస్టారి గలీబు ఎక్కాలు అప్పచెప్తోంది.

"అత్తయ్యా" అంది కోడలు, దుప్పట్ల మధ్యలోంచి తల బయటపెట్టి. "డాక్టరుగారి గలీబు ఎండిపోయి పెళపెళలాడుతోంది. కానీ ఒక్క మాట కూడా అనలేదు. పాడైందా ఏంటి?"

మరకలావిడ చేతిలో క్లిప్పు అలాగే ఆగిపోయింది. దగ్గరికొచ్చింది. నీలం అంచు గలీబు గాలికి నెమ్మదిగా లేచి దిగుతోంది, లేచి దిగుతోంది.

"చప్పుడు చెయ్యకే" అంది, గొంతు బాగా తగ్గించి. "ఇంకాసేపు ఉండనీ. పాపం, ఇన్నాళ్ళకి నిద్రపట్టింది."